బండల మీద ఎండిన సునాముఖి

సరుకు ఆటో ఓబులమ్మ గడప ముందు ఆగింది. వారం కిందట మైదుకూరుకు వెళ్లిన గోతాలే, అదే ఆటోలో, సగం కుట్టు విప్పినవి విప్పినట్టే తిరిగొచ్చాయి. నడిపేవాడు వాటిని వీధిలోకి దొర్లించి, ఇంజను ఆపకుండానే చెప్పాడు.

“శెట్టి వద్దన్నాడు పెద్దమ్మా. ఆకు కల్తీ అంట.”

ఓబులమ్మ చెరుగుతున్న చేట కింద పెట్టింది.

“ఏమంటివి? దిగు కిందికి. దిగి ఆ మాట ఇంగోసారి అను. నాలుక పెరికి ఈ గోతంలోనే ఏసి కుట్టి మీ శెట్టికి పంపిస్తా!”

వాడు దిగలేదు. దిగే ఉద్దేశం ఉన్నవాడైతే ఇంజను ఆపేవాడు.

ఓబులమ్మను గయ్యాళి అంటే ఔనని తలూపేది. పిసినారి అంటే నవ్వి ఊరుకునేది. కల్తీ అనే మాట మాత్రం ఆమె దగ్గర చెల్లదు. ఆకులో ఒక పుల్ల ముక్క కనబడితే తెచ్చినవాళ్ల మొహం మీదికే చేట విసిరిన మనిషి ఆమె. ఎండిన ఆకును ముక్కు దగ్గర పెట్టుకుని, రెండు వేళ్ల మధ్య నలిపి, ఆనక గోతంలోకి వేసే మనిషి. అలాంటి ఆకును వీధిలో పారేసి కల్తీ అని పోయాడు, మీసం సరిగా రాని ఆటోవాడు.

ఓబులమ్మ ఊరు మైదుకూరుకు దగ్గరే. కేసీ కాలువ నీళ్లు పక్క ఊరిదాకా వచ్చి, అక్కడేదో చుట్టరికం ఉన్నట్టు ఆగిపోతాయి. ఈ ఊరికి మిగిలింది ఎర్ర గరుగు నేల, రాళ్లు, ఆకాశం. ఓబులమ్మ మొగుడు బతికినన్నాళ్లూ ఆ నేలలో శనక్కాయ వేశాడు. వాన వస్తే కాయ, రాకపోతే కట్టె. ఆయన పోయిన ఏడు ఓబులమ్మ శనక్కాయ విత్తనం ముట్టనని చెప్పి సునాముఖి చల్లింది. నీళ్లు అడగని మొక్క, మేకలు మూతి పెట్టని మొక్క. గట్ల మీద పచ్చగా పూసే తంగేడుకు చెల్లెలు వరస. రెండాకులూ పక్కపక్కన పెడితే తెలియనివాళ్లకు తేడా కనబడదు. తేడా కడుపులోకి పోయాక తెలుస్తుంది. సునాముఖి కషాయం తాగి పడుకున్నవాడు పొద్దున్నే చెంబు కోసం వెతుక్కుంటాడు. తంగేడుకు ఆ శక్తి లేదు.

ఊరు నవ్వింది. “ఓబులమ్మ బేదులాకు ఏసింది సూడండ్రా” అని రచ్చ మీద కూర్చుని మగవాళ్లు నవ్వారు.

“నవ్వుకోండి. ముందు మీ కడుపులే కడగల్ల. నోట్లో నుంచి వచ్చే కంపు చూస్తే తెలుస్తాండాది లోపల ఎంత ఉండాదో” అంది ఓబులమ్మ.

ఆకు అమ్ముడుపోయింది. మైదుకూరులో మందాకుల వ్యాపారం చేసే రామలింగయ్య శెట్టి కొన్నాడు. ఆయన దగ్గర నుంచి అది రైలెక్కి, ఓడెక్కి, కడుపులు బిగదీసుకున్న దొరల దేశాలకు పోతుందని తెలిసినప్పుడు నవ్వినవాళ్ల పెళ్లాలే వచ్చి విత్తనం అడిగారు. ఓబులమ్మ ఇచ్చింది. ఊరికే ఇవ్వలేదు, ఒక్కొక్కరికీ వాళ్ల మొగుడు ఏమన్నాడో గుర్తు చేసి మరీ ఇచ్చింది. అలా పది పన్నెండు మంది ఆడవాళ్లు ఆమె వెనక చేరారు. వాళ్ల మీద పెత్తనం ఎవరూ ఇవ్వలేదు, ఆమే తీసుకుంది. బడిలో రెండో తరగతికి మించి నిలవలేదు. పలకతో కొట్టిన పంతులు చేతిలోంచి ఆ పలకే లాక్కుని, ఆయన కాళ్ల దగ్గర పగలగొట్టి ఇంటికొచ్చిన రోజు ఆమె చదువు అయిపోయింది. అయినా ఆకు విషయంలో ఆమె చెప్పిందే శాసనం.

ఆమె మాటకు ఎదురు మాట చెప్పగలిగింది హుస్సేన్ బీ ఒక్కతే. ఎదురింటి మనిషి. ఇద్దరికీ ఒకటే రోలు. అది ఓబులమ్మ పంచలో ఉంటుంది. ఊరిబిండి పచ్చడి నూరుకోవడానికి హుస్సేన్ బీ రోజూ గిన్నె పట్టుకుని వస్తుంది, నూరుతున్నంతసేపూ ఇద్దరూ ఎవరినో ఒకరిని తిట్టుకుంటారు. ఓబులమ్మ మొగుడు పోయినప్పుడు పొయ్యి వెలిగించి నోట్లో ముద్ద పెట్టింది హుస్సేన్ బీ. పీర్ల పండక్కి పానకం బిందె ఎత్తుకుని ముందు నడిచేది ఓబులమ్మ.

ఇక ఓబులమ్మ పెరట్లో బండల సంగతి. దాని మొదలు నిరుడు వేసవిలో ఉంది. శెట్టి కొట్లో కూర్చుని గోతంలో చెయ్యి పెట్టి, ఒక గుప్పెడు ఆకు తీసి, అరచేతిలో ఆడించి, కింద మిగిలిన దుమ్ము చూపించాడు.

“ఏమమ్మా ఇది? ఆకు అమ్ముతాండావా, చేను అమ్ముతాండావా? మేక పెంటికలు గూడా ఉండాయి. బయటి దేశమోళ్లు కడుపుకు తాగే సరుకమ్మా. శుభ్రంగా ఎండబెట్టల్ల.”

నలుగురిలో అన్నాడు. ఆ రోజు ఓబులమ్మకు అన్నం సహించలేదు. అప్పటిదాకా ఆకు ఎండేది పెరట్లో బోదగడ్డి కప్పిన కొట్టం కింద, మట్టినేల మీద పాతచీరలు పరిచి. గాలికి దుమ్ము వచ్చి పడేది, మేకపిల్ల దూరేది. ఆమె కొట్టం పీకించింది. పెరడంతా చదును చేయించి, ఎర్రగుంట్ల వైపు నుంచి ట్రాక్టరులో నల్ల బండలు తెప్పించి పరిపించింది. కడప బండ అంటే తెలుసు కదా, నీళ్లు చల్లి తుడిస్తే మొహం చూసుకోవచ్చు. చెప్పులతో ఎవరైనా అడుగు పెడితే అక్కడికక్కడే ఏడు తరాలకూ తద్దినం పెట్టేది. తన ఆకే కాదు, అందరి ఆకూ ఇక్కడే ఎండాలని ఆజ్ఞ. వారానికి పైగా కొట్టం కింద ఎండే ఆకు బండ మీద రెండు ఎండలకే గలగలమంది. దుమ్ము లేదు, పెంటిక లేదు. ఓబులమ్మ గుప్పెడు ఎత్తి జారవిడిచి ఆ చప్పుడు విని మురిసిపోయేది.

“అక్కా, నీ బండ మీద రొట్టె కాల్చుకోవచ్చు. నా కాళ్లు బొబ్బలెక్కినాయి సూడు” అంది హుస్సేన్ బీ ఒక మధ్యాహ్నం, మడమల మీద గెంతుతూ ఆకు తిరగేస్తూ.

“నీ కాళ్లు మెత్తనివి గదా, నవాబు బిడ్డవు. గమ్మున తిప్పుమ్మే.”

నవ్వుకున్నారు. ఆ మాట అక్కడే పోయింది.

ఇప్పుడు ఆ శుభ్రమైన ఆకే వీధిలో పడి ఉంది, కల్తీ అనిపించుకుని.

కోపం వచ్చినప్పుడు ఓబులమ్మకు ఒక మనిషి కావాలి. శెట్టి మైదుకూరులో ఉన్నాడు, ఆటోవాడు పారిపోయాడు. గోతాల చుట్టూ ఆడవాళ్లు మూగారు. ఓబులమ్మ ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ వచ్చి హుస్సేన్ బీ దగ్గర ఆగింది. చివరి కోత హుస్సేన్ బీది. ఆమె చేను గట్టంతా తంగేడు పొదలు. చీకటి పడే వేళకు హడావిడిగా కోసుకొచ్చింది, బండల మీద ఎండాక ఓబులమ్మ దాన్ని వేళ్ల మధ్య నలపకుండానే గోతంలో పోసింది. పెత్తనం చేసిన ఇన్నేళ్లలో ఆ ఒక్క మూటే తను నలపలేదు.

“నువ్వే. తంగేడు కలిపినావు. గట్టు మీదిది గూడా దూసినావు బరువుకు.”

వీధి మధ్యలో, అందరూ వింటుండగా, గొంతు చించుకుని అంది. హుస్సేన్ బీ చేతిలో ఊరిబిండి గిన్నె ఉంది, నూరుకోవడానికి వస్తూ అక్కడ నిలబడిపోయింది.

“ఆ మాట నువ్వంటివా అక్కా?”

“ఇంకెవరనల్ల? నీ గట్టు మీద ఉండేది మల్లెపూలా?”

హుస్సేన్ బీ తిరిగి ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది. విసురుగా కూడా వేయలేదు. మెల్లగా వేసి గడియ పెట్టిన చప్పుడు ఓబులమ్మకు వినబడింది. మర్నాడు రోలు దగ్గరకు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. మిక్సీ తిరుగుతున్న చప్పుడు ఎదురింట్లోంచి వచ్చింది. మిక్సీలో ఊరిబిండి చేసుకునేంత కోపం వచ్చిందంటే అది మామూలు కోపం కాదు.

ఓబులమ్మ మైదుకూరు వెళ్లింది. రామలింగయ్య కొట్టు మెట్లెక్కుతూనే మొదలుపెట్టింది.

“ఏమప్పా శెట్టీ, నా ఆకులో ఏం కలిసింది? చూపించు. కొట్లో ఉండే ఆకులన్నీ ఈడ పొయ్యి, నాది ఏదో, నీది ఏదో తేల్చుకుందాం.”

“కూచోమ్మా, నీళ్లు తాగు. నేను అన్న మాట కాదు, మిషను అన్న మాట.”

“మిషనుకు నోరుండాదా?”

“ఉండాది మరి. కడపలో ల్యాబు. ఇప్పుడు కొనేవాళ్లు కన్ను చూసి కొనడం ల్యా. పొట్లం కట్టి పంపిస్తే ఆకులో మందు ఎన్ని పాళ్లు ఉండాదో ఆ మిషను చెప్తుంది. నూటికి రెండున్నర పాళ్లన్నా ఉండల్ల. నీ ఆకులో రెండు గూడా రాల. మందు తక్కువయిందంటే ఏదో కలిసిందనే గదా? నేను వ్యాపారం చేయబట్టి ఎన్ని చూసింటా!”

“నువ్వు చూసినవన్నీ నీ మాదిరివే. ఆ ల్యాబు యాడుండాదో చెప్పు.”

“నువ్వు పోయి ఏం చేస్తావమ్మా? అది చదువుకున్నోళ్ల పని.”

“చదువుకున్నోళ్లు నా ఆకును తిట్టొచ్చు, నేను పోయి అడగకూడదా? యాడుండాదో చెప్తావా, నీ కొట్టు ముందర కూర్చుని వచ్చేవాళ్లందరికీ నీ మంచితనం చెప్పమంటావా?”

శెట్టి చెప్పాడు.

ఓబులమ్మ మూర్ఖురాలు కాదు. వెళ్లేముందు ఉపాయం ఆలోచించుకుంది. ఇంట్లో తన కడుపు కోసం దాచుకున్న ఆకు ఉంది. అదే చేను, అదే కోత. కోసిన రోజే పాతపంచె ముక్కలో వదులుగా మూటకట్టి పంచలో చూరుకు వేలాడదీసింది. అందులో తంగేడు లేదని తన చేత్తో ఏరింది కాబట్టి తనకు తెలుసు. దాన్ని గోతాల్లో తన పేరు ఉన్న గోతం ఆకుతో పాటు తీసుకెళ్లి, రెండూ మిషనుకు ఇవ్వాలి. రెండింటికీ ఒకే లెక్క వస్తే నిజం. వేరువేరుగా వచ్చిందా, మిషను అబద్ధాలకోరు. అంతే. రెండు మూటలూ చంకన పెట్టుకుని కడప బస్సెక్కింది.

ల్యాబులో చెప్పులు బయట విడవమన్నారు. లోపల చలి. ఆకుకు కల్తీ అని పేరు పెట్టిన ఆ రాక్షసి ఎంత ఉంటుందోనని చూస్తే, బల్ల మీద ఒకదాని మీద ఒకటి పేర్చిన తెల్లటి పెట్టెలు, పైన సీసాలు, పక్కన టీవీ లాంటి తెర. దాని ముందు తెల్లకోటు వేసుకున్న అమ్మాయి. పేరు పద్మప్రియ. సొంతూరు పత్తికొండ, టమోటాలు పండించేవాళ్ల బిడ్డ. అప్పుడది తెలియదు ఓబులమ్మకు. మాట మాత్రం రేడియోలో మాదిరి వచ్చింది.

“ఏం కావాలండీ మీకు?”

“నా ఆకును కల్తీ అన్న నోరు కావల్ల. నీదేనా?”

అమ్మాయి కళ్లజోడు తీసింది. పేరు, ఊరు, శెట్టి పేరు అడిగి తెర మీద ఏదో వెతికింది. వెతుకుతుంటే ఆమె మొహం ఎర్రబడింది.

“కల్తీ అని నేను చెప్పలేదు. మందు పాళ్లు తక్కువ అని చెప్పాను. అంతే.”

“రెండూ ఒకటి గాదా?”

“ఎట్లయితాదవ్వా?” రేడియో మాట పోయింది. పత్తికొండ బయటపడింది. “అందరూ ఇట్లే చేస్తారు. నేనొకటి చెప్తా, వాళ్లొకటి మోసుకొని పోతారు, తిట్లు మాత్రం ఈడికి వస్తాయి. పోయిన నెల ఒకాయన తేనె సీసా నా టేబులు మీద పగలగొట్టి పోయినాడు!”

తనతో సమానంగా గొంతు లేపే మనిషి దొరికేసరికి ఓబులమ్మకు కొంచెం నెమ్మదించింది. మూటలు బల్ల మీద పెట్టింది.

“సరే. ఇవి రెండూ కొలువు. ఒకే చేను, ఒకే కోత. ఒక మాట చెప్తుందో రెండు మాటలు చెప్తుందో చూస్తా నీ మిషను.”

పద్మప్రియ మూటలు విప్పి చూసింది. అలా కొలవడం ల్యాబు పద్ధతి కాదు. కానీ కల్తీ అన్న మాట తన మీద కూడా పడి ఉంది.

రెండాకుల్నీ వేరువేరుగా పొడి కొట్టింది, తూచింది, చిన్న సీసాల్లో ద్రావకం పోసి కదిలించింది, వడగట్టింది. ఓబులమ్మ కుర్చీ వద్దని గోడకానుకుని నేల మీద కూర్చుని, ఒక సీసాను ఇంకో సీసాతో మార్చేస్తుందేమోనని కన్నార్పకుండా చూసింది.

“ఆ పెట్టెలో ఏం చేస్తాది?”

“ఆకులో ఒక్క మందే ఉండదవ్వా. నానారకాల సారాలు కలగలిసి ఉంటాయి. రసాన్ని చుక్కంత తీసి ఈ సన్నటి గొట్టంలోకి తోస్తాం. లోపల మెత్తని పొడి కూరింటారు. కొన్ని సారాలు ఆ పొడికి అతుక్కుంటాయి, ఆలస్యంగా బయటికి వస్తాయి. అతుక్కోనివి ముందే వచ్చేస్తాయి. ఒక్కోటి బయటపడేటప్పుడు తెర మీద ఒక గుట్ట లేస్తాది. గుట్ట ఎంత పెద్దదయితే ఆ సారం అంత ఉన్నట్టు.”

“తిరనాళ్లకు పోయిన ఆడోళ్ల మాదిరి. గాజుల అంగడి కాడ నిలబడేటోళ్లు ఆలిశంగా ఇల్లు చేరతారు.”

“అంతే.”

“అంతే అంటావు. దాంట్లో నా గుట్ట ఏదో నీకెట్ల తెలుస్తాది?”

“నీ ఆకులో కడుపు కదిలించే సారాన్ని సెన్నోసైడు అంటారు. అసలైంది, కొలత తెలిసింది నా దగ్గర ఉండాది. ముందు దాన్ని పంపించి అదెప్పుడు బయటికి వస్తాదో, ఎంత గుట్ట పెడతాదో చూసి పెట్టుకుంటా. తర్వాత నీ ఆకును దాని పక్కన పెడతా.”

ఓబులమ్మకు అందులో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. అదే ఆమె కోపాన్ని ఇంకాస్త పెంచింది.

తెర మీద గీత నేల మీద పాకి, ఉన్నట్టుండి లేచింది. గోతం ఆకుకు పొట్టి గుట్ట. తర్వాత చూరు మూట. గీత లేచింది, లేచింది, ఇంకా లేచింది. పద్మప్రియ ముందుకు వంగింది.

“మూడుకు దగ్గర దగ్గర వచ్చిందే!”

ఓబులమ్మ ఒక్క ఉదుటున లేచింది.

“అట్ల చెప్పు! ఒకే చేను, ఒకే కోత, నా చేత్తో కోసిన ఆకు. ఒకదానికి ఒక మాట, ఇంగోదానికి ఇంగో మాట! ఇదా మీ మిషను? దీన్ని నమ్ముకొనా నా గోతాలు వీధిలో పారేసింది? ఇట్లాంటి దాన్ని చలిగదిలో పెట్టి, చెప్పులిప్పి మొక్కతాండారా మీరంతా?”

పక్క గదిలోంచి ఇద్దరు తొంగిచూశారు. పద్మప్రియ వాళ్లను చేత్తోనే వెళ్లమంది. తనే ఎక్కడైనా పొరబడ్డానేమోనని రెండాకుల్నీ మళ్లీ మొదటి నుంచి తూచి, మళ్లీ కలిపి, మళ్లీ పంపింది. అంతసేపూ ఓబులమ్మ గెలిచిన దాని మాదిరి గదిలో అటూ ఇటూ తిరిగింది. మళ్లీ అదే పొట్టి గుట్ట, అదే పొడుగు గుట్ట.

“అవ్వా, ఈ రెండూ యాడ ఎండబెట్టినావు?”

“యాడేంది? గోతాల్లోది నా బండల మీద. మైదుకూరు పక్కంతా వెతికినా అంత శుభ్రమైన కల్లం ఉండదు. ఇది ఇంట్లోకని చూరు కింద, పంచలో...”

మాట అక్కడ తెగిపోయింది.

“ఏం బండలు?” అంది పద్మప్రియ. ఈసారి గొంతు తగ్గించి అడిగింది.

“నల్ల బండలు.”

“ఎండాకాలం మధ్యాన్నం వాటి మీద ఒట్టికాళ్లతో నిలబడగలవా?”

ఆ బదులు హుస్సేన్ బీ ఎప్పుడో చెప్పింది, మడమల మీద గెంతుతూ.

“ఎండా, బండ సెగా కలిసి మందును విరిచేసినాయవ్వా. ఆకు చూడ్డానికి బాగుంటాది, గలగలమంటాది, లోపల సరుకు పోతాది. నీడలో ఎండింది చూడు, ఎట్ల నిలిచిందో. ఇంగోటి సూడు.” ఆమె తెర మీద మరో గీత తెచ్చింది. “ఇది తంగేడు. ఎవరో పంపితే ఎప్పుడో తీసి పెట్టుకున్న గీత. దీని గుట్టలు ఈడ, ఈడ లేస్తాయి. నీ గోతం ఆకులో ఆ తావుల్లో ఒక్క గుట్ట గూడా ల్యా. తంగేడు ఒక్కాకు గూడా కలవలేదు.”

“ఈ గోతం నాది. హుస్సేన్ బీ ఆకు?”

“శెట్టి పంపింది అన్ని గోతాల్లో నుంచి తీసి కలిపిన పొట్లం. దాని గీత ఇదిగో. దీంట్లోనూ ల్యా.”

ఓబులమ్మ తెర మీద ఆ గుట్టలు లేని తావును వేలితో తడిమింది. ఆ తర్వాత గట్టిగా అరిచింది.

“మట్టి ఉండాదంటిరి, మట్టి లేకుండా చేస్తి! పెంటిక ఉండాదంటిరి, పెంటిక లేకుండా చేస్తి! సెగ తగలకూడదని ఒక్క మొగం మాడినోడు చెప్పినాడా నాకు? ఇంత పెద్ద మిషను పెట్టుకొని కూచున్నావే, నువ్వు చెప్పినావా?”

“నాకు పొట్లం వస్తాది, నేను కొలుస్తా. అది యాడ పెరిగింది, ఎట్ల ఎండింది, నాకు చెప్పేవాడెవడు? అడిగితే శెట్లకు కోపం. చెప్పకపోతే నీకు కోపం. నేను ఎవరి మీద అరవల్ల?”

ఆనక పద్మప్రియ ఫోను తీసి, ఓబులమ్మ ముందరే శెట్టితో మాట్లాడింది. కల్తీ లేదని చెప్పింది, ఎండబెట్టడంలో పోయిందని చెప్పింది, ఇంకోసారి తను అనని మాట తన పేరు మీద చెప్పొద్దని కూడా చెప్పింది. ఆ చివరి మాట ఓబులమ్మకు నచ్చింది. పైకి చెప్పలేదు.

మైదుకూరులో దిగి కొట్టుకు పోయేసరికి శెట్టి లేచి నిలబడ్డాడు.

“రామ్మా, పాప ఫోన్ చేసింది. ఏదో నోరు జారింది, మనసులో పెట్టుకోవద్దు.”

“నోరు నా దగ్గర జారలా. ఆటోవాడి దగ్గర జారింది. వాణ్ని పిలువు. వాడి ముందర చెప్పు.”

పిలిపించాడు. చెప్పాడు, ముల్లు మింగినట్టు. కొట్లో ఉన్న బేరగాళ్లు విన్నారు. ఓబులమ్మకు అది చాలలేదు.

“బండలు పరిపించమన్నది ఎవురు?”

“నేనెప్పుడన్నా తల్లీ? శుభ్రంగా ఎండబెట్టమన్నా. నువ్వు పోయి కొట్టమే పీకేస్తావని నేను కలగన్నానా?”

“నీ కొట్లో పెంటికలు పడ!” అని మాత్రం తిట్టి ఓబులమ్మ మెట్లు దిగింది. కొట్టం పీకించింది తనే. గునపం పట్టుకున్న కూలివాడు ఇంత మంచి కొట్టం ఎందుకమ్మా అంటే వాణ్ని తిట్టింది కూడా తనే.

ఊళ్లోకి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. వీధిలో నలుగురూ ఉన్నారు. హుస్సేన్ బీ తలుపు వేసే ఉంది. అన్న మాట ఎక్కడ అందో అక్కడే, గోతాలు పడిన చోటే, నడివీధిలో నిలబడింది ఓబులమ్మ. మెల్లగా పోయి తలుపు కొట్టి లోపల చెప్పుకోవచ్చు. కానీ కల్తీ అన్నది లోపల కాదు.

“హుస్సేన్ బీ! మ్మేయ్! తంగేడు కలవలేదంట. కడపలో చూపించినారు. నేను కూసింది తప్పు.”

లోపల మిక్సీ ఆగింది. ఊరంతా మళ్లీ గొడవ మొదలైందనుకుని గడపల్లోకి వచ్చింది.

“ఎవరది?” అని లోపలి నుంచి గొంతు. “సరిగ్గా వినపళ్ల్యా.”

ఓబులమ్మ పళ్లు కొరికింది.

“తంగేడు లేదంటాండా! నా బండల సెగకు ఆకు చచ్చింది! నీది తప్పు కాదు!”

“ఎవరి బండలు?”

“నా బండలే, నా బండలే! నీ చెవుల్లో సీసం పొయ్య! ఎన్నిసార్లు చెప్పల్ల?”

“ఆరోజు ఒక్కసారే అన్నావు గానీ ఊరంతా విన్నారు. ఇప్పుడు ఆ మూలింటోళ్లకు వినపడిందో లేదో. ఇంగోసారి చెప్పు.”

మూలింటివాళ్లు నవ్వారు. ఓబులమ్మ వాళ్లను ఒక చూపు చూసి, ఇంకోసారి చెప్పింది. గొంతు బొంగురుపోయింది. గడియ తీసిన చప్పుడు వినబడింది. హుస్సేన్ బీ గడపలో నిలబడింది. నవ్వలేదు, రమ్మనలేదు.

“కాళ్లు బొబ్బలెక్కినాయంటే నవాబు బిడ్డవంటివి.”

“అంటి.”

“మిక్సీలో ఊరిబిండి మన్ను మాదిరి ఉండాది” అంది హుస్సేన్ బీ. గిన్నె తీసుకుని వీధి దాటి, ఓబులమ్మ వైపు చూడకుండానే పంచలోని రోలు దగ్గరకు వెళ్లింది.

పెరట్లో మళ్లీ కొట్టం లేచింది. గుంజలు పాతడానికి నాలుగు చోట్ల బండలు పగలగొట్టాల్సి వచ్చింది. పగిలిన ప్రతి బండకూ ఓబులమ్మ శెట్టిని తిట్టింది. మిగిలిన బండల మీద ఇప్పుడు మిరపకాయలు ఎండుతున్నాయి. ఆకు నీడలో, దుమ్ము పడకుండా ఎత్తుగా కట్టిన పాతచీరల మీద నిదానంగా ఎండుతుంది. వాపసు వచ్చిన గోతాల్ని ఊరికే పంచిపెట్టింది. దొరల దేశానికి బలం చాలని ఆకు ఊళ్లో కడుపులకు చాలింది. ఆ వర్షాకాలం రచ్చ మీద కూర్చునే మగవాళ్లు ఎవరూ కడుపు బిగదీసిందని అనలేదు. కొంతమంది అసలు రచ్చ మీదికే రాలేకపోయారు.

హుస్సేన్ బీ మాత్రం అన్నీ మరిచిపోయే మనిషి కాదు. కోత తెచ్చిన ప్రతిసారీ మూట నేరుగా కొట్టంలో పెట్టదు. ముందు ఓబులమ్మ ఎదుట కూర్చుని ముడి విప్పుతుంది. గుప్పెడు తీసి ఆమె మొహం ముందు పెడుతుంది.

“సూసుకో అక్కా, తంగేడుందేమో.”

ఎవరి మాటా కింద పడనివ్వని ఓబులమ్మ ఆ ఒక్క మాట దగ్గర మాత్రం మొహం పక్కకు తిప్పుకుంటుంది. తిప్పుకుని, మిరపకాయల మీదికి వచ్చిన కోడిని పట్టుకుని నోటికొచ్చినట్టు తిడుతుంది.